నీలం రాయి మీద అంకెలు

అబ్దుల్ ఖాదర్ కంటి పట్టీ విప్పడానికి ఇంకా ఐదు రోజులున్నాయి. ఆ ఐదు రోజులు తొందరగా గడవాలని ఇంటిల్లిపాదీ కోరుకుంటుంటే, అసలు గడవకూడదని కోరుకునే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే. ఆయన మనవరాలు జాహేదా. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియదు.

మక్తల్ బస్టాండు పక్కన రాయచూరు రోడ్డు మీద ఆకుపచ్చ రంగు చెక్క డబ్బా ఉంటుంది. అబ్దుల్ ఖాదర్ గడియారాల దుకాణం అదే. నలభై ఏండ్లుగా ఆయన అందులోనే కూర్చుంటున్నాడు. ఆయన గురించి ఊళ్ళో రెండు మాటలున్నాయి. ఆగిన గడియారం ఆయన చేతిలో పడితే నడిచి తీరుతుందన్నది ఒకటి. ఆయనకు పిచ్చి అన్నది రెండోది.

రెండో మాటకూ కారణం లేకపోలేదు. నడిచే గడియారం ఇచ్చి నడవని గడియారం తెచ్చుకునే మనిషిని ఇంకేమంటారు? ఏ ఊళ్ళో, ఏ పాత పెట్టెలో విదేశీ గడియారం మూలుగుతుందని తెలిసినా సరే, సైకిలేసుకుని నారాయణపేట దాకా, ఆత్మకూరు దాకా పోయేవాడు. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాడట. జాగీర్దార్ల గడియారాలన్నీ అక్కడికే వచ్చేవట. ఈ రోగం అక్కడ అంటుకున్నదేనని ఆయన భార్య లాల్ బీ అంటుంది. విదేశీదైతే చాలదు ఆయనకు. చూసేది డయల్ ఒక్కటే.

“మిషన్‌ది ఏమున్నది? ఇనుప చక్రాలు. ఒకటి పోతె ఇంకోటి ఏస్తం. మొఖం సూడాలె, మొఖం,” అనేవాడు.

అట్లాంటి మొఖాలు తొమ్మిది పోగుచేశాడు. ఖర్జూరాల రేకు డబ్బాలో దూది పరిచి పడుకోబెట్టాడు. ఒకదాని డయల్ ముత్యపుచిప్ప. పక్కకు వంచితే గులాబీ, ఇటు వంచితే ఆకుపచ్చ. ఒకటి పులికన్ను రాయి. ఇంకొకటి నల్ల సులేమానీ రాయి, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. ఆకుపచ్చ చారల రాయి ఒకటి, రంగుల గాజుపూతతో మీనా పని చేసినది ఒకటి. రాయిని ఉల్లిపొర కంటే కొంచెం మందంగా కోసి ఇత్తడి రేకు మీద అతికిస్తారట. వేలు గట్టిగా ఆనిస్తే పగులుతుంది. అందుకే ఆ డబ్బాను ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు, జాహేదాను కూడా.

తొమ్మిదోది చోటే మియాది. చోటే మియా సౌదీలో ఆరేండ్లు ఒక సేటు కారు నడిపాడు. వచ్చేటప్పుడు ఆ సేటు తన చేతిది తీసి ఇచ్చాడట. రెండేండ్ల కింద దాన్ని పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

“చాచా, గిదేం గడియారం? అంకెల్లేవు, గీతల్లేవు. టైమెంతయ్యిందిరా అని ఎవడన్న అడిగితె నేను మొగులు సూసి చెప్పవడితి!”

అబ్దుల్ ఖాదర్ దాన్ని తీసుకుని, దానికి బదులు పాట పాడే కొత్త ఎలక్ట్రానిక్ గడియారం చోటే మియా చేతికి కట్టాడు. అది నీలం రాయి గడియారం. కానీ ఆయనకు అప్పటికే రెండు కళ్ళలోనూ మోతిబిందు దిగి పొరలు కమ్మాయి. ఎండలో పెట్టి, కన్ను దగ్గర పెట్టి, దూరం పెట్టి, చివరికి మనవరాలిని అడిగేవాడు.

“ఏం రంగున్నది బిడ్డా?”

“నీలం దాదా.”

“నాకు నల్లగనే కానొస్తాంది. ఎట్లాంటి నీలం?”

జాహేదా ఆలోచించేది. “సిరా లెక్క… కాదు. పొద్దుగూకుతదా, అప్పుడు పడమటి దిక్కు కాదు, దాని ఎదురు దిక్కు ఉంటదే, గట్ల.”

“అబ్బ,” అనేవాడు ఆయన, లడ్డూ రుచి ఎట్లుందో పక్కవాడు చెబితే విన్నట్టు. “ఆపరేషనయినంక మొట్టమొదాలు దాన్నే సూస్త.”

జాహేదాకు పదహారేండ్లు. పదో తరగతి. బడిలో సారు ప్రశ్న అడిగితే జవాబు గొంతులోకి వచ్చి అక్కడే చాప వేసుకుని కూర్చుంటుంది. “మూగపిల్ల” అని పేరు. ఆమె నోరు మెదపాల్సిన పని లేని చోటు దుకాణం ఒక్కటే. దాదా పక్కన చిన్న మోడా మీద కూర్చుని, ఉడుత తోక వెంట్రుకలు మూడు కట్టిన కుంచెతో, అరిగిపోయిన డయళ్ళ మీద అంకెలు మళ్ళీ రాస్తుంది. చేలల్లో చెమటకూ ఎండకూ గడియారాల మీది అంకెలు రాలిపోతుంటాయి. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క బంగారు రంగు మిగులుతుంది. ఆ చుక్కల ఆనవాలు పట్టుకుని అంకె ఎక్కడుండేదో కనిపెట్టాలి. పదకొండో ఏట నుంచీ ఆ పని ఆమెదే. గిరాకీలు “కొత్తదయ్యింది గదా!” అని మెచ్చుకుంటే దాదా “నా మనవరాలి చెయ్యి” అనేవాడు, ఆమె పరదా వెనక్కి పోయేది.

అసలు తప్పు అక్కడే జరిగింది. దాదా ఆపరేషన్‌కని మహబూబ్‌నగర్ దవాఖానలో నాలుగు రోజులున్నాడు. దాదీ లాల్ బీ కూడా వెంట పోయింది. మొదటి రోజు బడి నుంచి వచ్చి జాహేదా దుకాణం తెరిచింది. రేకు డబ్బా తీసింది. తీయకూడదని తెలుసు, తీసింది. నీలం గడియారాన్ని దాదా కంటికి తగిలించుకునే భూతద్దం కింద పెట్టి చూసింది. నీలం మీద బంగారు చుక్కలు! పన్నెండు దగ్గర మూడు, నాలుగు దగ్గర రెండు, తొమ్మిది పక్కన ఇసుక రాలినట్టు సన్నగా. అచ్చం రాలిపోయిన అంకెల లాగే.

‘అంకెలు లేకపోవడమేంది? ఉండె. రాలిపోయినయ్. చోటే మామూకు తెల్వదు, దాదాకు కండ్లు లేవు, ఎవ్వరూ సూడలె’ అనుకుంది.

రెండు సాయంత్రాలు పట్టింది. గడియారం అద్దం తీసి, చిమ్టాతో ముళ్ళు లేపి పక్కన పెట్టి, ఊపిరి బిగపట్టి పన్నెండు అంకెలూ రాసింది. అంత బాగా ఆమె ఎన్నడూ రాయలేదు. దాదా పట్టీ విప్పగానే చూసి ఏమంటాడో తలచుకుని, బడికి పోయే దారిలో ఒక్కతే నవ్వుకుంది.

దాదా కంటి మీద పచ్చగుడ్డతో ఇంటికి వచ్చాడు. వంగొద్దు, దగ్గొద్దు, ఎక్కువ మాట్లాడొద్దు అని డాక్టరు చెప్పాడు. మొదటి రెండూ పాటించాడు. మంచం మీద పడుకుని మాట్లాడుతూనే ఉన్నాడు. లాల్ బీ పొయ్యి దగ్గర నుంచి అరిచింది.

“నోటికి గూడ పట్టీ ఎయ్యమని అడగక పోయినమే డాక్టరును!”

జాహేదా పక్కన కూర్చుని జొన్నరొట్టె ముక్కలు పాలలో ముంచి ఆయన నోటికి అందిస్తోంది.

“జాహేదా, మన నీలం రాయి పేరు లాజ్వర్ద్. ఉస్తాదు చెప్పేటోడు. దాని లోపల్నే బంగారం అసొంటి చుక్కలుంటయట. ఎవరూ ఎయ్యలె. భూమిల ఉన్నప్పుడే అల్లా ఏసిండు. నువ్వు సూసినవా, ఉన్నయా?”

“ఉన్నయ్ దాదా.”

“మరి! అసలుదే అది. అందుకే కంపినీ దొర దాని మీద ఒక్క అంకె గూడ రాయనియ్యలె. రాస్తె రాయి ఖరాబైతదని.”

దాదా నోరు తెరిచి ఎదురుచూస్తున్నాడు. జాహేదా ఆ రొట్టె ముక్కను తన నోట్లో పెట్టుకుంది.

ఇక అప్పటి నుంచీ ఆమెకు నిలకడ లేదు. ఇంట్లో నుంచి దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి. డబ్బా తెరవడం, మూయడం. అంకెలు వాటంతట అవే పోయి ఉంటాయేమోనని చూడడం. ఎందుకు పోతాయి? ఆ రంగు ఎంత గట్టిదో ఆమెకంటే ఎవరికి తెలుసు?

మర్నాడు బడిలో మంజులతకు చెప్పింది. మంజులత సాలోళ్ళ పిల్ల, ఇంట్లో రెండు మగ్గాలు ఆడతాయి. జాహేదా లోకంలో నోరు విప్పి మాట్లాడేది ఆమెతోనే.

“రాసి ఎన్ని రోజులాయె?” అంది మంజులత, వైద్యుడు నాడి పట్టినట్టు.

“నాలుగు.”

“అయితె గంతే ఇగ. మా అమ్మ అంటది, నూలుకు రంగు పచ్చిగున్నప్పుడే కడిగితె పోతదట. ఆరినంక దేవుడు దిగొచ్చినా పోదట.” కిసుక్కున నవ్వి, జాహేదా మొఖం చూసి నవ్వాపింది. “ఏడ్వకే. గాసునూనె పెట్టి సూడరాదు?”

జాహేదా లాంతరులోని కిరసనాయిలు తీసి, ముందు ఒక పాత ఇత్తడి డయల్ మీద పెట్టి చూసింది. రంగు కరిగిపోయింది. ధైర్యం వచ్చింది. పుల్లకు దూది చుట్టి, గాసునూనెలో తడిపి, నీలం రాయి మీద పన్నెండు అంకెకు ఆనించింది. రంగు కదిలింది కానీ పోలేదు. పలచని పసుపు మబ్బులాగా చుట్టూ పాకింది. భయంతో వేపపుల్ల కొన చెక్కి గీకింది. పన్నెండు పోయింది. దాంతో పాటు ఆ చోట రాయి నిగనిగ కూడా పోయింది. అద్దం మీద ఊదిన ఆవిరి లాగా మసక, తుడిస్తే పోని మసక.

పుల్ల కింద పెట్టేసింది. ఇంకా పదకొండు అంకెలున్నాయి.

పట్టీ విప్పడానికి ఒక్కరోజు ముందు, బడి విడిచాక దుకాణంలో కూర్చుని ఉంటే చోటే మియా వచ్చాడు. ఎలక్ట్రానిక్ గడియారాన్ని బల్ల మీద విసిరినట్టు పెట్టాడు.

“గిది పాట బందు వెట్టింది బిడ్డా. ఊకె సున్నాలు సూపెడ్తాంది. నా గడియారం నాకియ్యి. మా బామ్మర్ది షాదీ ఉన్నది, సౌదీ గడియారం పెట్టుకోని పోవాలె. చాచా ఏమన్నడు ఆనాడు? ‘అమానత్ అనుకో, ఎప్పుడడిగితె అప్పుడిస్త’ అనలె?”

అన్నాడు. జాహేదా విన్నది. అమానత్ అంటే ఆడిన మాట కంటే పెద్దది. నమ్మి దాచుకొమ్మని ఇచ్చిన సొమ్మును అడిగినప్పుడు కాదనడానికి లేదు.

ఆమెకు ఒక్కసారిగా చల్లగాలి తగిలినట్టయింది. ఇచ్చేస్తే? ఇది పోతే దాదా దీన్ని చూడడు. చూడకపోతే తప్పే లేదు. ‘చోటే మామూ వచ్చి తీస్కపోయిండు దాదా’ అంటే సరి. దాదా బాధపడతాడు, కానీ ఆమె మోడా ఆమెకుంటుంది, కుంచె ఆమెకుంటుంది. చెయ్యి దానంతటదే రేకు డబ్బా మూత తీసింది.

చోటే మియా గడియారాన్ని చూసి ఎగిరి గంతేశాడు.

“అరె వా! అంకెలు! గిప్పుడయ్యింది గడియారం! ఎవరు రాసిండ్రు, నువ్వేనా? శభాష్! పన్నెండు ఒక్కటి మరిచినవ్, ఫికర్ లేదు, పన్నెండైతె కడుపే చెప్తది.” చేతికి పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. “గిట్లుంటె నేను ఆనాడు ఇయ్యకపోదును.”

ఆ నీలం ఆయన నల్లటి మణికట్టు మీద ఎండకు మెరిసింది. పదకొండు అంకెల మధ్య మధ్య ఇంకా ఎంతో నీలం మిగిలే ఉంది. దాదా దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు.

“లేదు మామూ,” అంది జాహేదా.

“ఏంది లేదు?”

“దాదా సూడకుంటె ఇయ్య. రేపు పట్టీ ఇప్పుతరు. రేపు ఇంటికి రా.” చెయ్యి చాపింది. చాపిన చెయ్యి వెనక్కి తీయలేదు.

చోటే మియా ఆమెను కిందికీ మీదికీ చూశాడు. “ఊరంత మూగపిల్ల అంటరు. నోట్లె ఇంత పెద్ద తాళంచెవి దాచిందని ఎవలికెర్క!” గొణుక్కుంటూ విప్పి ఇచ్చాడు. “రేపొస్త. అమానత్, యాదికుంచుకో.”

మర్నాడు మక్తల్ దవాఖానలోనే పట్టీ విప్పారు. సీసా అడుగంత మందం అద్దాలిచ్చారు. రిక్షాలో ఇంటికొచ్చే దారిలో అబ్దుల్ ఖాదర్ చిన్నపిల్లవాడైపోయాడు. దుకాణాల బోర్డులు చదివాడు. లాల్ బీని చూసి “నువ్వు గింత ముసలిదానివెప్పుడైనవ్?” అని తిట్లు తిన్నాడు. తల ఎత్తి ఆకాశం చూశాడు.

“గింత నీలముంటదా?” అన్నాడు. “ఇన్నొద్దులు దీన్ని బూడిద రంగనుకున్న గదనే.”

జాహేదా రిక్షాలో ఆయన పక్కనే కూర్చుంది. గోర్లన్నీ కొరకడం అయిపోయింది.

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాడు. “తే బిడ్డా.”

దుకాణానికి పోయి రేకు డబ్బా తెచ్చింది. ఇచ్చింది కానీ మూత మీద చెయ్యి తీయలేదు. “దాదా… సూసేముందు…” అంటూ మొదలుపెట్టింది. చుక్కలు చూసి అంకెలు రాలిపోయాయనుకున్నది, రెండు సాయంత్రాలు రాసింది, గాసునూనె, వేపపుల్ల, అంతా చెప్పింది. నిన్న చోటే మామూకు ఇచ్చేద్దామనుకున్నది కూడా చెప్పింది. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

ఆయన ఆమె చేతిని పక్కకు జరిపి మూత తీశాడు. మొదట ఆయన పెదాలు విచ్చుకున్నాయి. నీలం కనబడింది. ఆ నవ్వు సగానికి వచ్చి ఆగిపోయింది. కిటికీ దగ్గరికి పోయి, గడియారం అద్దం మీద మునివేలు జరుపుతూ అంకెలు లెక్కపెట్టాడు. పన్నెండు చోట వేలు ఆగింది.

“గీడ గీకింది సూదితోనా?”

“యాపపుల్లతోని.”

“నయం.” ఆమె వైపు చూడకుండానే అన్నాడు. “నలభై ఏండ్లు మొఖాలు సూసిన. మొఖం మీద రాసేటోళ్ళను సూడలె.”

చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు. లాల్ బీ తట్టుకోలేక నడుమ దూరింది. “పోనియ్యిండ్రి, ముత్యాల్లెక్క రాసింది పిల్ల. గిప్పుడన్న టైము తెలుస్తది!”

“నువ్వు జర ఊకో,” అన్నాడాయన.

అప్పుడే గడపలో చోటే మియా సంబరంతో వెలిగిపోతున్న మొఖంతో సలాం చేశాడు. షాదీకి వేసుకునే చొక్కా కూడా వేసుకునే వచ్చాడు. అబ్దుల్ ఖాదర్ గడియారాన్ని గుప్పిట్లో పట్టుకుని అడిగాడు.

“అమానతే. కాదన్ననా? నువ్విచ్చిన్నాడు దీని మీద అంకెలున్నయా?”

“లేవు.”

“గంతే గద. ఇచ్చింది ఇచ్చినట్టు తిరిగియ్యాలె. అంకెలు పోయినంక తీస్కపో.”

“నాకు అంకెలే కావాలె చాచా! గీ అంకెల కోసమే గద నేనొచ్చింది!”

“నీకు కావాల్నని కాదు చోటే. రేపు సచ్చినంక ఖబర్ల అడిగేది నన్ను. నిన్ను కాదు.”

చోటే మియా మెడ గోక్కున్నాడు. “మరి ఎన్నొద్దులైతది?”

“రాసినోళ్ళను అడుగు.”

అందరూ జాహేదా వైపు చూశారు. ఆమెకు పరదా వెనక్కి పోవాలనిపించింది. ఆ ఇంట్లో పరదా లేదు.

“ఎర్కలేదు మామూ,” అంది. “తీస్త. ఒక్కొక్కటే తీస్త.”

దాదా చోటే మియాకు షాదీ కోసం నడిచే గడియారం ఒకటి ఇచ్చి పంపాడు. తర్వాత దుకాణానికి పోయి ఆమె కుంచెను తీసి తన జేబులో పెట్టుకున్నాడు. ఎన్నాళ్ళకిస్తాడో చెప్పలేదు. పెరట్లో ఎండిన జొన్నసొప్ప విరిచి, లోపలి తెల్లని బెండు తీసి, కొన సన్నగా చేసి, పాలిష్ పొడి అద్ది ఆమెకిచ్చాడు.

“తడి తగలొద్దు. బలం పెట్టొద్దు. పొద్దుకు గింత, గంతే. చేతికి తొందరైతె ఆపు, లేసి నడువు, మల్ల కూసో.”

పదకొండు అంకె ఒక్కటి పోవడానికే పన్నెండు రోజులు పట్టింది. పది ఇంకా మొండిది. రంగు పోయిన చోట కూడా బెండుతో రుద్దుతూ ఉంటే నిగనిగ మెల్లమెల్లగా తిరిగి వచ్చేది. పన్నెండు చోట మాత్రం సగమే వచ్చింది. ఆ సగం ఎప్పటికీ రాదేమోనని దాదా అన్నాడు. రోజూ సాయంత్రం అద్దాలు సవరించుకుని, ఆ రోజు కొత్తగా బయటపడిన నీలాన్ని మాత్రమే చూసేవాడు. మెచ్చుకునేవాడు కాదు. “ఊఁ” అనేవాడు.

అంగడి రోజు చోటే మియా బస్సు దిగగానే దుకాణంలోకి తలపెట్టేవాడు. “ఎన్నున్నయ్ బిడ్డా?”

“తొమ్మిది.”

“ఎందుకే గంత తొందర? నాలుగైదన్న ఉంచరాదు?”

రంజాను నెల వచ్చేసరికి ఎనిమిది మిగిలాయి. ఒకనాడు పొద్దు వాలే వేళ, అసర్ నమాజు తర్వాత పనికి కూర్చుని, బెండు చేతిలో పట్టుకున్నాక జాహేదాకు చెయ్యి ఆడలేదు. ఇన్నాళ్ళూ అంకెలు ఎప్పుడు పోతాయా అనే చూసింది. ఆఖరు అంకె పోయిన రోజు గడియారమూ పోతుంది. చోటే మామూ దాన్ని చేతికి కట్టుకుని, టైము తెలియక తిట్టుకుంటూ, ఎండలో తిరుగుతాడు. రుద్దితే గడియారం పోతుంది, రుద్దకపోతే దాదా మాట పోతుంది. ఆమె లేచింది. దుకాణం బయట రెండు అడుగులు వేసింది. రాయచూరు బస్సు దుమ్ము రేపుతూ పోయింది. తిరిగి వచ్చి కూర్చుంది. మళ్ళీ లేచింది.

“ఏంది, గిర్రున తిరుగుతున్నవ్?” అన్నాడు దాదా, చేతిలో పని మీది నుంచి తల ఎత్తకుండా.

“అన్ని అంకెలు పోతె, గడియారం గూడ పోతది గద దాదా.”

“పోతది.”

“మరి నీకు…?”

ఆయన మందం అద్దాలు తీసి లుంగీ అంచుతో తుడిచాడు. “మొన్నటిదాక నేను నీ నోటితోనే సూసిన దాన్ని. గిప్పుడు నా కండ్లతోని సూస్తున్న. ఇంక ఎనిమిదున్నయ్ గద. కూసో.”

జాహేదా కూర్చుంది. బెండు కొనను పొడిలో అద్ది, ఊది, ఎనిమిది అంకె మీద ఆనించింది. అబ్దుల్ ఖాదర్ తన మోడా ఆమె మోడాకు ఆనేదాకా జరుపుకుని, అద్దాలు పెట్టుకుని, ఆమె చెయ్యి కింద మెల్లగా బయటపడుతున్న నీలం వైపు వంగాడు.